దేవరాజు చేరవేసిన మాటలు

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల గుమాస్తాలం సాయంత్రం టీ కొట్టు దగ్గర చేరితే మాట్లాడుకునేది మాటల గురించే. కోపంగా ఉన్న సరుకు పార్టీకి మెసేజ్ పెట్టాలా, ఫోన్ చేయాలా? చేస్తే ఎలా మొదలుపెట్టాలి? ఈ విద్యలో మా అందరికీ పెద్ద, పక్క ఫ్యాక్టరీ దేవరాజు.

ఒడిశా నుంచి వాళ్లకు జీడిపిక్కలు పంపే సాహు బాబుకు తెలుగు రాదు. వాళ్ల యజమానులకు ఒడియా రాదు. ఇద్దరి మధ్యా దేవరాజే. పెద్ద యజమాని ఇక్కడ "ఆ దొంగ ఎక్కడ సచ్చాడు" అంటే, అక్కడ సాహు బాబుకు "మీ ఆరోగ్యం ఎలా ఉందని మా సారు అడుగుతున్నారు" అని వినపడేది. అటునుంచి వచ్చే విసుగునూ అలాగే శుభ్రంగా కడిగి ఇటు అప్పగించేవాడు. పాపం ఇద్దరూ ఒకరినొకరు పెద్దమనుషులనుకుని ఏళ్ల తరబడి వ్యాపారం చేశారు.

"ఇంటికెల్లేసరికి నోట్లో మాట మిగల్దు బావా. లిల్లీ ఏటడిగినా ఊఁ అంటన్నాను" అన్నాడొకసారి దేవరాజు, టీ గ్లాసు పట్టుకుని. లిల్లీ అతని భార్య. నాకు నవ్వు రాలేదు.

ఈమధ్య పెద్ద యజమాని కొడుకు మోహనకృష్ణ వ్యాపారం చేతికి తీసుకున్నాడు. విశాఖలో బిజినెస్ కమ్యూనికేషన్ క్లాసులకు వెళ్లి, ఏదైనా సూటిగా చెప్పాలనే జబ్బు అంటించుకొచ్చాడు. అతన్ని చూస్తేనే నాకు ఒళ్లు మంట.

మొన్న వచ్చిన లోడు చెమ్మగా ఉంది. ఆ పిక్కలు మార్చి పంపకపోతే ఫ్యాక్టరీ ఆగుతుంది, పప్పు ఒలిచే ఆడవాళ్లకు కూలి ఉండదు. తూకం కాటా అరువడగడానికి వెళ్లి నేను అక్కడే ఉన్నాను. మా అమ్మది ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం, నాకు ఒడియా తెలుసు.

"స్పీకర్ పెట్టు" అన్నాడు మోహనకృష్ణ. "మోసగాడివి, తడి పిక్కలు అంటగట్టి బతుకుతన్నావని నామాటగా సెప్పు. ఒక్క ముక్క మార్చకు. భాస్కరరావు గారికి ఒడియా వచ్చు, ఇంటన్నారు." నన్ను చూపించాడు.

దేవరాజు నావైపు చూశాడు. తర్వాత ఒడియాలో ఉన్నదున్నట్టు చెప్పాడు. "నువ్వు మోసగాడివి. తడి పిక్కలు అంటగట్టి బతుకుతున్నావు."

అప్పుడు సాహు బాబు మెల్లగా అడిగాడు. "ఈ మాట మీ సారుదా, నీదా?"

సారుదంటే పిక్కలు రావు. దేవరాజు లోపల పప్పు ఒలుస్తున్న వాళ్లకేసి చూశాడు.

"నాదే బాబూ. మా సారు పిక్కలు మార్చమని మాత్రమే అన్నారు. నేనే నోరు జారాను."

"నిన్ను సొంత మనిషి అనుకున్నాను. పిక్కలు మార్చి పంపుతాను. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ నాకు ఫోన్ చేయకు."

ఫోన్ ఆగిపోయింది.

"ఏటన్నాడు?"

"మార్చి పంపుతారంట సార్."

"సూసావా, సూటిగా సెప్తే పనెలా అవుద్దో. ఇన్నాళ్లూ నువ్వే నాన్చావు." మోహనకృష్ణ నావైపు తిరిగాడు. "ఉన్నదున్నట్టే సెప్పాడు కదండీ?"

"సెప్పాడండీ" అన్నాను. ఇంకేమన్నా మళ్లీ ఫోన్ చేయించేవాడు, ఆ పిక్కలు ఆగిపోయేవి.

బయటికొచ్చాక దేవరాజు అరుగు మీద కూలబడ్డాడు.

"రేపట్నించి సాహు బాబుకి ఫోనెవులు సేత్తారు?" అన్నాను.

"ఎవులో ఒకలు సేత్తార్లే." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఫోనెత్తగానే తిన్నావా అని అడిగీవోడు బావా. అది సారుకి సెప్పమని కాదు. నన్నే."