నీకో గుక్క, నాకో గుక్క

"ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా? నిజం చెప్పండి," అన్నాడు పరిశోధన డాక్టరు, మా పాప రక్తపరీక్ష కాగితం టేబుల్ మీద పడేసి.

నాకు ఒళ్ళు మండింది. మాంసకృత్తుల్లో ఒక భాగాన్ని మా పాప ఒళ్ళు అరిగించుకోలేదు. అది రక్తంలో పేరుకుంటే విషం. నాలోనూ మా ఆయనలోనూ చడీచప్పుడు లేకుండా దాగిన లోపం పాపలో జత కలిసింది. బయోకెమిస్ట్రీ చదివినదాన్ని, పాలచుక్క కూడా పాప దరిదాపులకు రానివ్వను. ఆ భాగం తీసేసిన మాంసకృత్తులతో ఈ పరిశోధనలో ఇచ్చే కొత్త పొడే దానికి ఆధారం. బయటెక్కడా దొరకదు. ఇంకోసారి పరీక్ష తేడా వస్తే పరిశోధనలోంచి పాప పేరు తీసేస్తారట.

పక్కనున్న అత్తయ్య మొహంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు.

అత్తయ్య దర్జీ. పిల్లల గౌను కుడితే లోపలి కుట్టు తన చెంపకు రాసుకుని చూస్తుంది, గరుకు తగిలితే విప్పేస్తుంది. ఆవిడ తొలి కూతురు పాలు మరవకముందే పోయింది. జబ్బేమిటో చెప్పినవాళ్ళు లేరు. "ఏం పెట్టావే పిల్లకి?" అని మాత్రం చుట్టాలంతా అడిగారు. అప్పట్నుంచీ తన నోట పెట్టుకోనిదే పిల్లల నోట ఏదీ పెట్టదు.

"వేరే ఏం పెట్టలేదు బాబూ, నీ పొడే," అంది. "దాని కంపు తెలుసా నీకు? నీకో గుక్క, నాకో గుక్క అంటేనే తాగుతుంది."

"అత్తయ్యా! మీరూ తాగుతున్నారా?"

"తాగకపోతే ఊరుకుంటుందా? నీ కూతురే కదా, గ్లాసులోకి తొంగిచూసి మరీ లెక్క తేలుస్తుంది!"

పొడి చాలకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. అప్పుడూ పెరిగేది ఆ విషమే. నేను ఆఫీసులో ఉన్నంతసేపూ ఇంట్లో జరిగింది ఇదన్నమాట.

"నియమం తప్పారు," అన్నాడు డాక్టరు.

"ఏం పెట్టారని అడిగారు. ఎలా తాగుతోందని ఒక్కనాడైనా అడిగారా?" నా గొంతు వరండాలోకి వినిపించింది.

పొడి పూర్తిగా పట్టించి మళ్ళీ పరీక్షకు తీసుకురమ్మన్నాడు.

"మీ గ్లాసులో మంచినీళ్ళు పోసుకోండి," అన్నాను ఇంటికొచ్చాక.

"నా మొహం చూస్తే పట్టేస్తుందే," అని అత్తయ్య తనకోసం కటిక చేదు కషాయం కాచుకుంది. గుక్క మింగి నిలువునా వణికింది. నానమ్మ అవస్థ చూసి తృప్తిపడి, పాప తన గ్లాసు ఎత్తింది.

తర్వాతి పరీక్ష బాగా వచ్చింది. పేరు నిలిచింది. డాక్టరు నవ్వాడే గానీ ఆనాటి మాట ఊసెత్తలేదు. నేను నోరు తెరవబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"పోనీవే. ఇతనైనా రక్తం చూసి, తప్పు నా తిండిది కాదని తేల్చాడు. నా పిల్ల పోయినప్పుడు నాకు ఆ మాట చెప్పిన దిక్కే లేదు."

ఆవిడ వదిలేసింది. నేను వదల్లేదు. సంచిలోంచి పొడి డబ్బా తీసి, మూత తిప్పి, డాక్టరు ముక్కు కింద పెట్టాను.