ఖాళీగా వదిలిన మాట

మా తెలుగు మేస్టారు పోయారని మొన్న రాజాం సంతలో, నాతో చదువుకున్న స్నేహితురాలు చెప్పింది. వంకాయలు తక్కెట్లోనే వదిలేసి ఇంటికి వచ్చేశాను. "ఏటే, బేరం కుదరలేదా?" అని మా అక్క అడిగితే ఖాళీ సంచీ ఆమె చేతికిచ్చాను.

ఆయన మహా ధైర్యవంతుడని ఎవరైనా రాస్తే నమ్మకండి. మేస్టారు పిరికివారు. బడికి ఇనస్పెక్టరు వస్తున్నాడంటే రెండు రోజుల ముందే ఆయనకు అన్నం సయించేది కాదు. మాటల దగ్గర మాత్రం ఉడుంపట్టు. పాఠంలో 'భ్రష్టం' అని వచ్చిన రోజు గంట కొట్టినా వదల్లేదు.

"కిందికి జారడమనే అర్థమున్న సంస్కృత ధాతువులోంచి వచ్చింది. రాజ్యం పోయినవాడు రాజ్యభ్రష్టుడు. తపస్సు చెడినవాడు తపోభ్రష్టుడు. మనూళ్లో పాడైన ప్రతిదాన్నీ భ్రష్టు పట్టిందంటారు, అనుకోండి. మనిషిని అనే ముందు మాత్రం, ఎక్కణ్ణుంచి పడ్డాడు, పడుతుంటే ఎవరు చూశారు అని అడగండి."

మేం నవ్వుకున్నాం. పరీక్షలో రాదులే అనుకున్నాం.

అరవై ఏడు ఎండాకాలంలో ఆ మాట మా ఇంటిమీదికే వచ్చింది. భర్త పోయిన మా అక్క గ్రామసేవికగా చేరి, సైకిలెక్కి ఊళ్లు తిరిగేది. ఊరి పెద్దలకది కంటగింపు. భ్రష్టురాలని పంచాయితీ సమితి ఆఫీసుకు అర్జీ పెట్టి ఉద్యోగం తీయించాలనుకున్నారు. అది పోతే అమ్మకీ, నాకూ, అక్కకీ తిండి లేదు.

మా ఊళ్లో అర్జీ అంటే మేస్టారే రాయాలి. మిగతావాళ్లు కింద సంతకాలో వేలిముద్రలో వేస్తారు. అది రాసే ముందురోజు సాయంత్రం ఆయన వచ్చి మా అరుగుమీద కూర్చున్నారు.

"భయంగా ఉన్నాదమ్మా. రాయనంటే నన్నీ ఊళ్లో ఉండనివ్వరు."

అక్క మంచినీళ్లిచ్చింది. రాసేస్తారనే అనుకున్నాను.

మర్నాడు పెద్దలంతా కూర్చున్న పంచాయితీ ఆఫీసు వరండాలోకి మమ్మల్నీ పిలిపించారు. మేస్టారు గుండ్రటి అక్షరాలతో రాసుకుపోయారు. అక్క పేరూ రాశారు. తీరా ఆ మాట రావలసిన చోట జాగా వదిలి, కలం పంచాయితీ ప్రెసిడెంటు ముందు పెట్టారు.

"నేను చూడలేదు బాబూ. చూసినవారెవరో వారి చేత్తో ఆ మాట రాసి, పక్కన సంతకం పెట్టండి."

"నానేటి సూసానని రాస్తాను? అందరూ అంతన్నారని నానూ అన్నాను," అన్నాడు ప్రెసిడెంటు.

కలాన్ని పక్కాయన ముందుకు తోశాడు. ఆయన ఆ పక్కాయన ముందుకు తోశాడు. ఎవరూ రాయలేదు.

బడి తెరిచేలోపే పెద్దలు మేస్టారిని శృంగవరపుకోట అవతలికి బదిలీ చేయించారు. ఆయన భయపడ్డదే జరిగింది. అక్కడే జబ్బుచేసి పోయారట. అక్క ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఆయన అంత భయపడుతూ చేసిన పనివల్లే మేమీ పూట అన్నం తింటున్నాం. ఆయన్ని చూడటానికైనా నేనొక్కసారి వెళ్లలేదు, సిగ్గుగా ఉంది.

ఆ రోజు పెద్దలంతా లేచి వెళ్లిపోయాక మేస్టారు కలానికి మూత పెట్టబోయారు. మూత రెండుసార్లు కింద పడింది. అక్క వంగి దాన్ని తీసి, కలం ఆయన చేతిలో అలాగే ఉండగా మూత పెట్టింది.