నిమ్మకాయ దాటిన బండి

తొంభైల మొదట్లో, బెంగళూరు శివారు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ మడివాళలో గది అద్దెకు తీసుకుని ఉన్న ఆ రోజుల్లో, ఏ పనైనా ముందు కాగితం మీద రాసుకుంటే తప్పు జరగదని నాకు గట్టి నమ్మకం. రేపటి పనులు కూడా ఇవాళ్టి డైరీలోనే రాసిపెట్టేవాణ్ణి (అవి జరగకపోతే ఆ తప్పు రేపటిది). అలాంటి నాకు పెళ్లిచూపులు మోటారు సైకిళ్ల మ్యూజియంలో జరుగుతాయని మాత్రం ఏ పేజీలోనూ రాసి లేదు.

సంబంధం తెచ్చింది మా పెద్దనాన్న. అమ్మాయి వాళ్లది తరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, పట్టుచీరల వ్యాపారం. ఫొటో చూసిన రోజు నుంచి నాకు ఫ్యాక్టరీ సైరన్ కూడా సన్నాయిలా వినిపించసాగింది. అయితే అమ్మాయి తండ్రికి పాత మోటారు సైకిళ్ల పిచ్చి. ఇంటి వెనక షెడ్డులో వాటిని వరసగా నిలబెట్టి, మ్యూజియం అని బోర్డు తగిలించి, వచ్చినవాళ్లకు కాఫీ కంటే ముందు వాటినే చూపించేవారు. వీధంతా ఆయన్ను డుగ్‌డుగ్ అయ్య అనేది. బండి తోలడం రానివాడికి పిల్లనివ్వనని ఆయన పంతం. మా పెద్దనాన్న ఏమాత్రం తడుముకోకుండా, మావాడు బండి మీదే పుట్టాడని చెప్పి వచ్చేశారు. నాకు వచ్చిందల్లా సైకిలే.

పక్క గది మిత్రుడి కొత్త బండి మీద రోజూ తెల్లారకముందే సాధన మొదలుపెట్టాను. ఎడమ కాలు గేరు, కుడి కాలు బ్రేకు. ఈ రెండు ముక్కలూ డైరీలో రాసుకుని, బస్సులోనూ క్యాంటీనులోనూ జపించాను. నిద్రలో కూడా కుడి కాలితో నొక్కేవాణ్ణని మిత్రుడు చెప్పేవాడు. ఆయుధపూజ నాటికి నాకు బండి వచ్చేసినట్టే అనిపించింది.

పూజ రోజే రమ్మన్నారు. బంతిపూల దండలతో బండ్లన్నీ పెళ్లికొడుకుల్లా నిలబడి ఉంటే, వాటి మధ్య నేనొక్కణ్ణే పెళ్లికొడుకులా లేను. ప్రతి చక్రం కిందా నిమ్మకాయ. డుగ్‌డుగ్ అయ్య ఒక్కో బండి పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటే అర్థమైనట్టు తల ఊపుతూ, గడప దగ్గర నిలబడ్డ అమ్మాయిని చూడనట్టు చూస్తున్నాను. హారతి అయ్యాక, అన్నిటికంటే ముసలిదైన ఒక దొరల కాలం నాటి బండిని ఆయనే స్టార్ట్ చేసి, నన్ను ఎక్కించి, క్లచ్ పట్టుకోమని మొదటి గేరు కూడా తనే వేశారు. "నిమ్మకాయ తొక్కించప్పా. గేటు దాకా పోయి నిలిపితే చాలు."

నిమ్మకాయ చితికింది. అందరూ సంతోషించారు. షెడ్డు నుంచి గేటుకు దారి కాస్త పల్లం. జపం మరవలేదు కనుక కుడి కాలితో నొక్కాను. బండి ఆగడానికి బదులు గొంతు మార్చింది. మళ్లీ నొక్కాను, ఇంకాస్త హుషారయింది. వెనక నుంచి అయ్య కేక వినిపించింది. "బ్రేకు ఎడమ పక్క ఉండాది! ఎడమ పక్కప్పా!" ఆ పాత బండ్లకు గేరు కుడి వైపు, బ్రేకు ఎడమ వైపు అట. ఎడమ అంటే గేరు అని రాసుకున్న మనిషిని, ఒకరు అరిచినంత మాత్రాన మార్చుకోగలనా? చివరికి దిష్టి తీయడానికి గేటు పక్కన పోగేసిన బూడిద గుమ్మడికాయలే మమ్మల్ని ఆపాయి. (వీధిలో అందరి దిష్టీ ఒకేసారి పోయింది.)

గుమ్మడి గుజ్జులో నుంచి నేను లేచేసరికి పెద్దనాన్న ఆకాశంలో మబ్బుల్ని పరిశీలిస్తున్నారు. అయ్య ముందు బండిని తడిమి, గీత కూడా పడలేదని తేల్చుకుని, "వీనికి బండి రాదు" అన్నారు, నాతో కాదు, బండితో. నా పెళ్లి కూడా ఆ గుమ్మడికాయల్లో కలిసిందనుకున్నాను. అప్పుడు గడప దగ్గర నుంచి, నవ్వాపుకోలేక తంటాలు పడుతున్న గొంతు వినిపించింది.

"రాకుంటే ఏం నాయనా, నాకొస్తాది కదా. ఈయప్ప ఎనక కూర్చుంటాడులే."

కూర్చున్నాను. రిటైరయ్యాక కూడా అక్కడే కూర్చుంటున్నాను, ఒళ్లో కూరగాయల సంచితో, ఆవిడ స్కూటరు వెనక. ఎర్రదీపం కనబడగానే, ఎవరూ అడక్కపోయినా, నా కుడి కాలు గాలిని గట్టిగా నొక్కుతుంది.

"బండి నిలిచిందిలెండి," అంటుంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే. "ఇంక కాలు తీయండి."