కూర్చుని ఆడలేని ఆట

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై దాటేయి. మధ్యాహ్నంపూట మా పేట కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్ళకి చదువు చెప్పేవారు. తెలుగు అక్కడ పట్టుబడింది. ఇంగ్లీషు మాత్రం మా అమ్మాయి పుస్తకాలు చూసి, అది ఇంట్లో లేనప్పుడు నేర్చుకున్నాను. లేక లేక పుట్టిన పిల్ల. అమలాపురంలో ఇంగ్లీషు మీడియం బళ్ళో ఆరో తరగతి చదివేది. తొంభైల నడిమి సంగతి ఇది.

కొబ్బరి ఈనెల చీపుళ్ళు కట్టి అమలాపురంలో అమ్మడం నా పని. ఆకులోంచి ఈనె తీస్తూ తీస్తూ నేలమీద ఇంగ్లీషు అక్షరాలు పేర్చేదాన్ని. జెడ్డు, ఎక్సు సుళువు. గుండ్రటివే ఏడిపించేవి. ఎండు ఈనె వంచబోతే పుటుక్కున విరిగేది. క్యూ కోసం పచ్చి ఈనె వంచి, కొసలు వేలితో నొక్కిపట్టి తోక పెట్టేలోగా మళ్ళీ సాగిపోయేది.

ఆ ఏడు బళ్ళో మా అమ్మాయికి ఒక ఆట నేర్పేరు. ఒకరు అక్షరం చెబితే, అది ఎక్కడో ఒకచోట ఉన్న ఇంగ్లీషు మాట రెండోవాళ్ళు రాయాలి. సాయంత్రాలు అదీ, నేనూ, మా తోటికోడలూ ఆడేవాళ్ళం. తోటికోడలు టెన్త్ పాసైన మనిషి. వాళ్ళిద్దరూ కూర్చున్నచోటే రాసేసేవారు. నావల్ల అయ్యేది కాదు. నా మాటలు తలలో ఉండేవి కావు, వస్తువులమీద ఉండేవి. జెడ్డు అనగానే లేచి పెరట్లో జింకు ఎరువు బస్తా దగ్గరికి పరిగెత్తాలి.

"మళ్ళీ లేచేవా అమ్మా! ఆట ఆడుతున్నావా, కోడిపిల్లల్ని గంప కింద కమ్ముతున్నావా?" అనేది మా అమ్మాయి.

"అక్క డిక్షనరీకి కాళ్ళున్నాయే. ఆవిడ దాని వెనకే తిరుగుతుంది," అనేది తోటికోడలు.

ఒకరోజు ఎక్సు వచ్చింది. వీధి చివర లారీకి కొబ్బరికాయల బస్తాలు ఎత్తుతున్నారు. వాటిమీద రంగుతో రాసిన మూడక్షరాల నడుమ ఎక్సు ఉందని నాకు తెలుసు. పోయి చూసొచ్చి పలకమీద దిద్దేను. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇది మాట కాదమ్మా. షావుకారు గుర్తు! ఎవరి సరుకో తెలియడానికి కొడతారు."

ఇరవై ఏళ్ళుగా ఆ బస్తాల పక్కనుంచే నడిచేను. చదువొచ్చేక అది కూడా ఓ మాటే అనుకున్నాను. నేనూ నవ్వేను. అది మాత్రం నవ్వడం ఆపేసి, "వచ్చే వారం బళ్ళో అమ్మలకీ పిల్లలకీ ఈ పోటీ పెడుతున్నారు. నేను పిన్నిని తీసుకెళ్తాను," అంది.

"అమ్మలకి అన్నారు కదే?"

"నువ్వు అక్కడ కూడా లేచి తిరుగుతావు."

సిగ్గు అన్న మాట అది అనలేదు. నాకు వినబడింది. ఆ వారమంతా నా చేతులు నా మాట వినలేదు. "ఏంటమ్మా, నీ చీపురు రెండ్రోజులు ఊడ్చేసరికే ఊడిపోయింది?" అని ఒకావిడ కట్ట తెచ్చి నా ముందు పడేసింది.

పోటీ రోజున, చూడ్డానికని నేనూ వాళ్ళ వెంట వెళ్ళేను. టీచరుగారు కాగితంలో పేరు చూసి, "అమ్మగారు ఎవరండీ?" అన్నారు. మా అమ్మాయి నేల చూపులు చూసింది. తోటికోడలు నా రెక్క పుచ్చుకుని ముందుకి తోసింది. "ఈవిడేనండీ. నేను పిన్నినండి, టిఫిను కోసం వచ్చేను."

తల్లి మాటలు రాయాలి, పిల్ల అర్థాలు చెప్పాలి. అదీ పోటీ. టీచరుగారు చీటీ తీసి చదివేరు. క్యూ.

గోడలు తెల్లగా ఉన్నాయి. ఎక్కడా ఒక అక్షరం లేదు. లేవబోయేను. బల్ల కింద మా అమ్మాయి నా కొంగు పట్టుకుంది. కూర్చున్నాను. కాళ్ళు మాత్రం ఆగలేదు, బల్ల కింద ఆడుతూనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని, చీపుళ్ళ మోపు నెత్తిన పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరేను. గూట్లో దోమలచుట్ట పెట్టె: మస్కిటో. పురుగుమందు సీసా: లిక్విడ్. ఊళ్ళోకి వచ్చేను. ఆఫీసరు గార్ల ఇళ్ళ గేటు: క్వార్టర్స్. రొయ్యల మేత కొట్టు బోర్డు: ఆక్వా. ఇంకాస్త ముందు కొబ్బరి బస్తాలు. వాటిమీదా ఓ క్యూ ఉంది. కలం కాగితం దాకా వెళ్ళింది. రాయలేదు. గంట కొట్టేరు.

మొదటి మూడింటికీ మా అమ్మాయి టకటకా చెప్పేసింది. నాలుగోది చూసి ఆగిపోయింది.

"అర్థం?" అన్నారు టీచరుగారు.

"తెలీదండి."

"మరి ఉత్తినే రాసేరా? ఇలాంటి మాట అసలుందా?"

"ఉందండి." అది లేచి నిలబడింది. హాల్లో డాక్టరుగారి భార్య, ప్లీడరుగారి భార్య, అందరూ ఇటే చూస్తున్నారు. "రొయ్యల మేత కొట్టు బోర్డుమీద ఉందండి. మా అమ్మ రోజూ దాని కిందే కూర్చుని చీపుళ్ళు అమ్ముతుంది. తప్పు చూసి ఉండదండి."

"ఎక్కడుందని కాదమ్మా, అర్థం అడుగుతున్నాను," అని టీచరుగారు దాన్ని కొట్టేసేరు.

మూడు మాటలకి ప్రైజు రాదు కదా. బయటికొచ్చేక తోటికోడలు, "టిఫినూ లేదు, ప్రైజూ లేదు. పదండి, బస్సుకి టైమైంది," అంది.

"ఆ బోర్డు ఎక్కడమ్మా?" అంది మా అమ్మాయి.

"ఇప్పుడా? రేపు చూద్దువుగాని."

"ఇప్పుడే. నాకు చూపించు."

నా కంటే ముందే నడుస్తోంది. సందు తిరిగితే కొట్టు. బోర్డు కింద నిలబడి, తలెత్తి ఒక్కో అక్షరం వేలితో గాల్లో రాసుకుంది. మందుల షాపు కేసి తిరిగి, "అక్కడ ఎక్సు ఉందా?" అంది.

"ఉంది. ఆ పక్కన జెడ్డు కూడా ఉంది, రా."

"బస్సు పోతోందర్రా!" అని వెనక తోటికోడలు కేకేస్తోంది. ఆ బస్సు పోయింది. తరవాతదీ పోయింది.