ముగ్గుపిండితో తోమిన అద్దం

కర్లపాలెం దాటాక, బాపట్ల రోడ్డు పక్కన మూడేళ్లు పెయింట్‌బాల్ మైదానం నడిపాను. రంగు నింపిన గుండ్లతో, గాలి తుపాకులతో ఒకరినొకరు కొట్టుకునే ఆట అది. రోజూ తెనాలి నుంచి బండి మీద వచ్చేవాణ్ణి. ఆడించడం కన్నా జనానికి పాఠాలు చెప్పడమే ఎక్కువ.

రేపల్లె కుర్రాళ్లు వచ్చి, "గొట్టం పొడుగుంటే గుండు దూరం పోద్ది కదండి?" అనేవారు. పోదు నాయనా. "ఒత్తిడి పెంచితే సూటిగా తగులుద్దా అన్నా?" తగలదు, గుండు గొట్టంలోనే పగిలి రంగంతా అక్కడే అంటుకుంటుంది. తెలియని మాట ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోయేది. నాకే ఎదురు చెబితే రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగేవాణ్ణి. నా నోటికి జడిసి ఇంట్లో కూడా ఎవరూ నా తప్పు ఎత్తిచూపేవారు కాదు.

ఆడేటప్పుడు కళ్లకు దెబ్బ తగలకుండా పెట్టుకునే మాస్కుల అద్దాలు సముద్రపు గాలికి ఆవిరి పట్టేవి. మురికనుకున్నాను. మా నాయనమ్మ లాంతరు చిమ్నీలు ముగ్గుపిండితో తోమితే తళతళలాడేవి. నేనూ అలాగే కూర్చుని, మాస్కుల అద్దాలన్నీ తోమేశాను. ఆవిరి పట్టకుండా లోపల సన్నటి పూత ఉంటుందనీ, మెత్తటి గుడ్డతో తప్ప తుడవకూడదనీ డబ్బాలోని కాగితంలో రాసే ఉంది. పూతా లేదు గీతా లేదు, అంతా అమ్ముకునేవాళ్ల మాయ అని కొట్టిపారేశాను.

ఆ ఆదివారం మా అక్క మొగుడు, మా బావ వచ్చాడు. చీరాల దగ్గర మగ్గం నేస్తాడు. తెగిన పోగు అతకడంలో ఆయన చేతికి తిరుగులేదు, వీధిలో వాళ్లంతా ఆయన్నే పిలిచేవారు. "ఒక్క ఆట ఆడు బావా" అని నేనే బలవంతపెట్టాను. ఆట మధ్యలో అద్దం మసకబారింది. ఏమీ కనబడక మాస్కు పైకెత్తాడు. అప్పుడే గుండు వచ్చి కుడికంటికి తగిలింది.

ఆ కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియదిప్పుడు. ఇంతకన్నా బాగుపడదని డాక్టరు చెప్పేశాడు. ఒంటికంటితో దగ్గరా దూరం తెలియక, పోగు పట్టుకోబోతే చెయ్యి పక్కకు పోతుంది.

మైదానం మూసేశాను. నిజం మాత్రం నాలుగు నెలలు చెప్పలేదు. "మాస్కు తీయకూడదని ఆయనకి తెలీదా?" అని చుట్టాలు అంటుంటే, సిగ్గు లేకుండా విని ఊరుకున్నాను. చివరికి మొన్న మగ్గం పక్కన కూర్చుని ముగ్గుపిండి సంగతీ, కాగితం సంగతీ అంతా చెప్పేశాను.

బావ పోగు కోసం తడుముకుంటూనే అన్నాడు, "తెలుసురా. పెట్టుకునేటప్పుడే అద్దం నిండా గీతలు కనపడ్డాయి. ఇది వద్దురా అందామనుకున్నా."

"మరి అనలేదేంటి బావా?"

"నలుగురిలో తప్పు చూపిస్తే నువ్వు ఊరుకుంటావా? ఒక్క ఆటే గదా, నీకు కోపమెందుకు తెప్పించడం అనుకున్నా."

పోగు ఆయనకు దొరకలేదు. అందిద్దామని నేను చెయ్యి చాపాను గానీ, నాకు అతకడం రాదు. అక్కను పిలిచాం.