ఎడమ పక్క మౌస్

దయ్యాలు లేవు. ఈ మాట నేను ఆదోని వీధి సభల్లో చెప్పాను. దేవనకొండ పక్క పల్లెలో, చేతబడి చేసిందని ఒక ముసలామెను కొట్టబోయిన గుంపుకు అడ్డం నిలబడి కూడా చెప్పాను. ఈ రోజూ అదే చెబుతున్నాను. ఇది చదివి చంకలు గుద్దుకోబోయే తాయెత్తుల వ్యాపారులకు ముందే ఒక మాట: నాకు కారణం తెలియలేదంటే, తెలియలేదని మాత్రమే అర్థం. ఆ ఖాళీలోకి మీ దయ్యాన్ని తెచ్చి కూర్చోబెట్టకండి.

అయినా జరిగింది రాయాలి. నాకు అనుకూలంగా లేదని దాచిపెడితే వాళ్లకూ నాకూ తేడా ఏముంది?

నేను ఒక ప్రైవేటు పాఠశాలలో కంప్యూటర్లు చూసుకునే విభాగంలో పనిచేస్తాను. ఆదోనిలో పెద్ద బడి, ఎమ్మిగనూరులో దాని శాఖ. రెండింటికీ కలిపి నేనూ, నా సహోద్యోగి ఖాజా. ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగడం, పిల్లలు పీకేసిన కీబోర్డు మీటలు మళ్లీ బిగించడం, వేలిముద్ర తీసుకోనని మొండికేసిన హాజరు యంత్రాన్ని దారికి తేవడం మా పని. ఇందులో మాయలూ మర్మాలూ ఉండవు. ఏ ఫిర్యాదు వచ్చినా చివరికి దుమ్మో, ఎలుకో, కరెంటో అని తేలుతుంది.

ఎమ్మిగనూరు శాఖలో రాహేలమ్మ ఆయాగా ఉంది. ఊరు పెద్దకడుబూరు పక్కన. పత్తి తీత అయిపోగానే అక్కడి జనం పిల్లాజెల్లాతో సుగ్గికి పోతారు, అంటే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస. కూతురు ఎస్తేరు చదువు ఆ దారుల్లో ఆగిపోకూడదని రాహేలమ్మ బడిలో చేరింది. తల్లి ఊడ్చే బడిలోనే కూతురు ఆరో తరగతి చదివేది. వానాకాలంలో పిల్లకు జ్వరం వచ్చింది. కర్నూలు తీసుకుపోయారు. పిల్ల తిరిగి రాలేదు.

కొన్నాళ్లకు రాహేలమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉండలేనని ప్రిన్సిపాల్ మేడంతో చెప్పిందట.

గొడవ కంప్యూటర్ గదిలో మొదలైంది. ఎస్తేరుది ఎడమచేతి వాటం. కిటికీ పక్క కంప్యూటరు దగ్గర కూర్చునేది. మౌస్‌ను ఎడమ పక్కకు జరుపుకొని, దాని బటన్లు రెండూ తారుమారు చేసుకొని వాడేది. సెట్టింగుల్లో అందుకోసం ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెడితే కుడి బటన్ పని ఎడమది, ఎడమ బటన్ పని కుడిది చేస్తుంది. పిల్ల పోయాక అక్కడ ఇంకో పాపను కూర్చోబెట్టారు. పొద్దున వచ్చి చూస్తే మౌస్ ఎడమ పక్కనే ఉంటోంది. బటన్లు తారుమారయ్యే ఉంటున్నాయి. టీచరు సరిచేస్తే మర్నాడు మళ్లీ అంతే.

పిల్లలు ఆ గదిలోకి రావడం మానేశారు. తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. ఆ రోజు మేమిద్దరం అక్కడే ఉన్నాం.

"బిడ్డను ఆ తల్లే ఈడ కట్టేసి పెట్టుకొనుంది మేడం," అన్నాడు బట్టల అంగడి నడిపే ఒకాయన. "ఆయమ్మను పంపిస్తే అదీ పోతాది."

"అట్లనా అన్నా? మీ అంగట్లో ఎలుక సీర కొరికినా ఆయమ్మేనా?" అన్నాడు ఖాజా.

"నవ్వులాట గాదప్పా. మా పాప రాత్రంతా ఉలిక్కిపడతాంది. నీ బిడ్డయితే తెలుస్తాండె."

రాహేలమ్మ గుమ్మం బయట చీపురు పట్టుకొని నిలబడి ఉంది. అన్నీ వింటూనే ఉంది.

వాళ్లు పోయాక ప్రిన్సిపాల్ మేడం తేల్చి చెప్పింది. "నాకు ఇట్లాంటి వాటిమీద నమ్మకం లేదు. కానీ పిల్లలు వేరే బడికి పోతే యాజమాన్యం నన్నే అడుగుతుంది. ఈ వారంలో మీరు కారణం చూపించండి. లేదంటే ఆమెను తీసేయక తప్పదు."

తీసేస్తే రాహేలమ్మకు మిగిలేది మళ్లీ సుగ్గే. ఈసారి ఒక్కతే.

"అన్నా, మీటింగుల్లో దయ్యాలను తరుముతావు గదా, ఈ మౌసును రోంత తరుము సూద్దాం," అన్నాడు ఖాజా.

ముందు రాహేలమ్మనే అడిగాను. సగం అక్కడే తేలిపోయింది.

"మౌసు నేనే పెడతాండా సార్ ఆ పక్కకు," అంది తల వంచుకొని. "బల్ల తుడిసేటప్పుడు సెయ్యి దానంతటదే పోతాది. కానీ లోపల ఏముందో నాకేం తెలుసు సార్? దాన్ని ఆన్ చేసేది గూడా నాకు రాదు."

మిగతా సగానికి కూడా నా దగ్గర జవాబుంది. బడి కంప్యూటర్లను మేం 'ఫ్రీజ్' చేస్తాం. అంటే పిల్లలు లోపల ఏం మార్చినా, ఒకసారి ఆపి ఆన్ చేయగానే అది మేం పెట్టిన పాత స్థితికి వచ్చేస్తుంది. ఎస్తేరు వాడుతున్న రోజుల్లో ఎప్పుడో టిక్ ఉండగానే ఫ్రీజ్ చేసి ఉంటాం. మాలాంటి వాళ్లు మాత్రమే చేసే పొరపాటు. టిక్ తీసేసి, కొత్తగా ఫ్రీజ్ చేసి, ఆపి ఆన్ చేసి చూశాం. గడి ఖాళీగానే ఉంది. పని అయిపోయిందని ఆదోనికి వచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే ఫోను. మళ్లీ తారుమారు.

ఈసారి ఆదోని బడి నుంచి కొత్త సీపీయూ, కొత్త మౌస్ తీసుకుపోయాం. అవి అంతకు ముందు ఎమ్మిగనూరు మొహం చూసినవి కావు. పాతవి తీసేసి ఇవి పెట్టాం. నెట్‌వర్క్ తీగ తగిలించలేదు. టిక్ లేదని ఇద్దరం చూసుకున్నాం. ఖాజా టీ చెప్పడానికి బయటికి పోయాడు. మధ్యాహ్నం, కిటికీ నిండా ఎండ. వరండాలో రాహేలమ్మ ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సెట్టింగుల పేజీ తెర మీద తెరిచి ఉంచాను. మౌస్ తీగ పీకేశాను. కీబోర్డు తీగ కూడా పీకేశాను. చేతులు కట్టుకొని కూర్చున్నాను.

ఆ గడిలో టిక్ పడింది.

మెరుపులు లేవు, చప్పుడు లేదు. చలి కూడా వేయలేదు. ఖాళీగా ఉన్న గడి ఖాళీగా లేదు, అంతే. నేను దాన్నే చూస్తున్నాను. వరండాలో చీపురు ఆగలేదు.

సాక్షి లేడు. ఇంకెవరైనా వచ్చి ఇదే చెబితే, ఒంటరిగా చూసింది సాక్ష్యం కాదని తోసిపారేసేవాణ్ణి. నన్నూ తోసిపారేయండి, నాకు కోపం లేదు.

సాయంత్రం తల్లిదండ్రులను పిలిపించారు. నేను లేచి ఫ్రీజ్ గురించి చెప్పాను. ఎస్తేరు కోసం పెట్టిన అమరిక మా పొరపాటు వల్ల యంత్రంలో గడ్డకట్టుకుపోయిందని, రోజూ అదే బయటికి వస్తోందని చెప్పాను. బోర్డు మీద బొమ్మ వేసి చూపించాను. ఎడమచేతి వాటం పిల్లలు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ కంప్యూటరును ఇకమీదట వాళ్లకే ఉంచుతున్నామని, ఆ టిక్ అలాగే ఉంటుందని కూడా చెప్పాను. ఎన్నో సభల్లో ఎన్నో నిజాలు అరిచి చెప్పినా, నా మాట అంత బాగా ఎప్పుడూ నాటుకోలేదు.

"ఇంతేనా?" అన్నాడు బట్టల అంగడి ఆయన. కొంచెం నిరాశపడ్డట్టే ఉన్నాడు. "మిషనుదా తప్పు! గమ్మున మొదుట్లోనే సెప్పుండొచ్చు గదప్పా."

రాహేలమ్మను తీసేయలేదు.

అందరూ పోయాక, పాత సీపీయూ ఆటోలో పెట్టిస్తుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, అయితే అది మా పాప కాదా?"

ఈ ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒకటే. కాదు. పోయినవాళ్లు రారు. ఇలాంటి తల్లులకే అబద్ధం అమ్మి బతికే వాళ్లను నేను జీవితమంతా తిట్టాను. ఆ జవాబు నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

"అంత సదివినోళ్లు మీకే తెలీదంటే సాలు సార్," అని చీపురు తీసుకొని లోపలికి పోయింది.

ఆ తరవాత మదర్‌బోర్డు బ్యాటరీ నుంచి వైరస్ దాకా నాకు తోచిన కారణాలన్నీ పరీక్షించాను. ఒక్కటీ నిలవలేదు. ఏదో ఉండే ఉంటుంది. ఈ విద్య నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఎవరికైనా కారణం అందితే నాకు రాయండి, బహిరంగంగా ఒప్పుకుంటాను.

ఎమ్మిగనూరు పోయి ఆమెకు మాత్రం చెప్పకండి.