బెల్లం దిమ్మల మీద జీపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బెల్లం తినడానికే కాదు, తలుపులకు అడ్డం పెట్టడానికీ, నిచ్చెన కింద ఎత్తు వేయడానికీ కూడా పనికొచ్చేది. అనకాపల్లి చుట్టుపక్కల చెరుకు రైతుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. పోయిన పంట దిమ్మ ఎండి, నల్లబడి, మార్కెట్టుకు పనికిరాకుండా పోయిందంటే అది రాయితో సమానం. గునపంతో కొడితే గాని పగలదు. అలాంటి దిమ్మల మీద మా చిన్నాన్న ఏకంగా జీపునే నిలబెట్టాడు.

చిన్నాన్న అంటే మా నాన్నకు తమ్ముడు. మిలటరీ వాళ్ళు వదిలేసిన పాత జీపును ఎక్కడో వేలంలో పాడి తెచ్చాడు. వానాకాలంలో మా పొలాల్లోకి ఎడ్లబండి వెళ్ళినా ఇరుసు దాకా దిగబడిపోయేది. జీపును ఎత్తు పెంచి, వెనక పొడుగు చేస్తే ఎంత బురదలోంచైనా చెరుకు మోపులను నేరుగా రోడ్డెక్కించవచ్చని అతని ఆలోచన. టౌను నుంచి వెల్డింగు మనిషిని రప్పించి, ఛాసీని నడిమికి కోయించి, మూరెడు ఇనుము అతికించాడు. ఇక చక్రాల పైన బండి బరువు మోసే జీపు కమాను పట్టీలు తీసేసి లారీ పట్టీలు వేయడం మిగిలింది. ఆ పని ఒక్కణ్ణే చేసుకుంటానన్నాడు. మా పెరటి పాకలో చక్రాలు విప్పేసి, ఉన్న ఒక్క జాకీతో ఒక్కో పక్క లేపి, గోనె చుట్టిన బెల్లం దిమ్మలు కింద పేర్చాడు. ఇటుకలు కొనుక్కురావచ్చు కదా అని మా నాన్న అంటే, ఇంట్లో ఇంత బెల్లం పెట్టుకుని ఇటుకలెందుకని నవ్వాడట. మాకెవరికీ అది తప్పని తోచలేదు. తోచి ఉంటే మేం బెల్లం మనుషులం ఎందుకవుతాం?

సరిగ్గా ఆ శ్రావణంలోనే నేను పెద్దమనిషినయ్యాను. పాక వైపు కిటికీ ఉన్న చిన్న గదిలో తాటాకు చాప వేసి కూర్చోబెట్టారు. పదకొండు రోజులు గడప దాటకూడదు, ఎవరినీ తాకకూడదు, మగవాళ్ళతో మాట్లాడకూడదు. గాలీ ధూళీ సోకకుండా చాపకు అడ్డంగా రోకలి పెట్టి, దాన్ని కదిపావంటే చూసుకో అని మా నాయనమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. తినడానికి నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి. మొదటి రోజు అమృతంలా ఉంది, మూడో రోజుకు ఆ గిన్నె చూస్తేనే వెగటు పుట్టింది. గోడ మీద బల్లిని చూసినా కుళ్ళుకునేదాన్ని, అది ఎటు కావాలంటే అటు పోతోందని.

అదైనా ఓర్చుకుందును. రెండో రోజు వసారాలో పెద్దవాళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి. ఆడపిల్ల పెద్దదయింది, ఇక బడి చాలు, టౌను దాకా రోజూ ఎవరు తీసుకెళ్తారు, ఎవరు తీసుకొస్తారు అన్నాడు చిన్నాన్న. మా నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. నన్ను చెయ్యి పట్టుకుని హైస్కూల్లో చేర్పించినవాడు చిన్నాన్నే, మాన్పించేవాడూ అతనే. నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండు రోజుల తర్వాత ఈ తలుపు తీసినా నేను వెళ్ళేది పక్క గదిలోకే కదా అనిపించి, చాప మీద బోర్లా పడుకుని ఏడ్చాను.

ఐదో రోజు పొద్దుట్నుంచీ ముసురు. ఊరు ఊరంతా నాట్లలో ఉంది. అమ్మా నాన్నా పేరంటానికి పిలవడానికి మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళారు. నాయనమ్మ కూలీలకు అన్నం మోసుకుపోతూ, కుక్కలు దూరకుండా నా గదికి బయట గొళ్ళెం పెట్టింది. ఇంటి దగ్గర మిగిలింది గదిలో నేనూ, పాకలో చిన్నాన్నా.

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. చూరు నీళ్ళు సన్నగా పాకలోకి పారి, జీపు కిందికి చేరాయి. కాసేపటికి ఆ గోనెల కింద నుంచి చిక్కటి గోధుమరంగు ధార బయటికి వచ్చింది. దాని వెంట చీమలు. బెల్లం కరుగుతోందని నాకు అర్థమైంది. బెల్లం మనుషుల పిల్లకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది? చెప్పాలని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. నా బడి గురించి నన్ను ఒక్క మాట అడిగాడా? నేనెందుకు చెప్పాలి? దిమ్మలు పాడైతే పాడవనీ, నాయనమ్మ చేత తిట్లు తింటాడు అనుకున్నాను. అప్పటికి అతను అవతల కూర్చుని బోల్టులు కిరసనాయిలులో కడుగుతున్నాడు. ఆ తర్వాత లేచి జీపు కిందికి దూరాడు. దూరడం కూడా చూశాను. చూసి, మొహం తిప్పుకున్నాను.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడి గోనె నలిగిన శబ్దం, దాని వెనకే ఒక మూలుగు. తిరిగి చూసేసరికి జీపు నా వైపుకు ఒరిగిపోయి ఉంది. ఛాసీ అంచు చిన్నాన్న ఎడమ భుజం మీదికి దిగింది. పక్కన పడుకోబెట్టిన లారీ పట్టీల కట్ట కొంత బరువు ఆపింది గాని, దాని కింద నేల కూడా నానిపోయే ఉంది. కుడి చెయ్యి ఒక్కటే బయటికి ఉంది. నేను తలుపు బాదాను, గొంతు పగిలేలా కేకలు పెట్టాను. వానలో నా కేక మా గోడ దాటిందో లేదో కూడా తెలియదు.

అప్పుడు కింద నుంచి అతని గొంతు వినబడింది. సన్నగా, కానీ నిదానంగా.

"అరవకు తల్లీ. ఎవులూ నేరు. ఇద్దరం ఇరుక్కున్నాం గదా, ముందు గింజుకోడం మానీ. నీ సేతికి ఏటేటి అందుతాదో సూసి సెప్పు."

నేను ఏడుస్తూనే చెప్పాను. చాప, చెంబు, చిమ్మిలి గిన్నె, రోకలి. చెబుతూ చెబుతూ ఇక ఆగలేక, బెల్లం కరగడం నేను ముందే చూశాను చిన్నాన్నా, కావాలనే చెప్పలేదు అనేశాను.

"నువ్వు సెప్పనేదు. నాను అడగనేదు," అన్నాడు. "అది మరి తరవాత సూసుకుందాం. కిటికీ కింద గోడవారని జాకీ ఉంది, రోకలితో ఇటు తొయ్యి. మెల్లగా."

చెంప ఊచలకు ఆనించి కిందికి చూస్తే జాకీ కనబడింది. ముట్టుకోవద్దన్న రోకలిని రెండు చేతులా ఎత్తి, ఊచల మధ్య నుంచి బయటికి దించాను. మొదటి తోపుకే జాకీ పడిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. పడితే పడనీ, పడుకున్నదే బాగా దొర్లుతుందన్నాడు అతను. నిజంగానే దొర్లింది. తోస్తే కొంత దూరం పోయి, బురదలో ఆగేది. భుజం దాకా చెయ్యి ఊచల్లో దూర్చి, రోకలి చివరి ఇనుప పొన్నుతో దాన్ని మళ్ళీ కదిపేదాన్ని. మధ్యలో ఒకసారి ఛాసీ ఇంకాస్త దిగింది, అతని మాట ఆగిపోయింది. నేను పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. "తొయ్యి" అన్నాడు. అంతే, ఇక నేను ఏడవలేదు. ఏడవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చివరికి అతని వేళ్ళు జాకీని అందుకున్నాయి. ఒంటి చేత్తో దాన్ని ఛాసీ కిందికి లాక్కుని, నిలబెట్టి, మర తిప్పుతూ పోయాడు. ఎంతసేపు తిప్పాడో చెప్పలేను, నాకు మాత్రం ఒక పంటకాలం పట్టినట్టుంది. ఇంత సందు రాగానే పాక్కుంటూ బయటపడి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది. కాస్త తేరుకున్నాక మొదట చేసిన పనేమిటంటే, రోకలిని చూరు నీళ్ళ కింద కడిగి, నా మొహం చూడకుండా కిటికీలోంచి లోపలికి అందించడం.

సాయంత్రానికి అందరూ చేరారు. కట్లు కట్టే ఆయన వచ్చి భుజానికి పట్టు వేశాడు. రోకలి తడిగా ఉండడం చూసి నాయనమ్మ నా మీద మొదలుపెట్టబోతే, చిన్నాన్న వసారాలోంచే ఆపాడు. పిల్ల చూసి, బుద్ధిగా జాకీ అందించబట్టి తాను బతికానన్నాడు. నేను ముందే చూసిన సంగతి ఎత్తలేదు. ఆ రోజే కాదు, పోయేదాకా ఎత్తలేదు. ఆ తర్వాత మా నాన్నతో అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"గంటసేపు కదలకుండా ఉంటేనే నా పానం పోయినట్టయింది అన్నా. పిల్లని జనమంతా కూకోబెడదామన్నాను, నాకేటి బుద్ధి? బండి అయిన్నాడు నానే బడికి దింపుతాను."

నీ బండి అయినట్టే, పిల్ల చదివినట్టే అని నాయనమ్మ దెప్పింది గాని, కాదనలేదు. భుజం కట్టు విప్పాక చిన్నాన్న మిగతా పని పూర్తి చేశాడు, ఈసారి రాళ్ళ మీద. ఆ జీపు చెరుకు ఎంత మోసిందో నాకు తెలియదు. నన్ను మాత్రం మూడేళ్ళు బడికి మోసింది. కొత్త పట్టీలు మరీ గట్టివి కావడంతో ప్రతి గుంతకూ ఎగిరెగిరి పడేవాళ్ళం, నా పుస్తకాలన్నీ అట్టలు ఊడిపోయాయి. చిన్నాన్న ఎడమ చెయ్యి ఆ తర్వాత భుజం దాటి పైకి లేవలేదు. గేరు ఆ ఎడమ చేత్తోనే మార్చాలి కాబట్టి, మార్చిన ప్రతిసారీ అతని పళ్ళు బిగుసుకునేవి. పక్కన కూర్చుని నేను చూసేదాన్ని.

ఇప్పుడు మా మనవడు అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు మా పెరట్లో తన జీపును ఎత్తు పెంచుకుంటున్నాడు. ఫోనులో చూసి పట్టీలు విప్పుతాడు, ఫోనులో చూసి బిగిస్తాడు. వాడి దగ్గర మంచి ఇనుప స్టాండ్లున్నాయి. అయినా నేను కర్ర పట్టుకుని వెళ్ళి, వంగి, కింద ఏం పెట్టాడో నా కళ్ళతో చూసుకుంటే గాని వాణ్ణి దూరనివ్వను. పోయిన వారం వాడికీ నాకూ ఏదో మాట పడి, రెండు రోజులు పలకరింపుల్లేవు. అప్పుడూ వెళ్ళాను. ఒక స్టాండు మెత్తటి మట్టిలో ఉందని చెప్పి, వాడు దాని కింద పలక వేసేదాకా నిలబడి, అప్పుడు లోపలికి వచ్చి మళ్ళీ అలిగాను.